జోడేఘాట్ ప్రదర్శనశాల: వస్తువు, వాక్కు

ఒక జాతి చరిత్రమును దెలిసికొనుటకు శాసనములును, తాళపత్రములును నెట్లు సాధనములో, ఆ జాతివారు వాడుకొను పనిముట్లును, వాద్యములును, నగలును నట్లే సాధనములు. వ్రాతకెక్కిన వాఙ్మయము స్వల్పముగా నున్న జాతుల విషయమున నీ రెండవ తెగ సాధనములే ముఖ్యములగును. ఉత్తర తెలంగాణమున నిట్టివానిని జేర్చి యుంచిన చిన్న ప్రదర్శనశాల జోడేఘాట్ గ్రామమున గలదు.

జోడేఘాట్ పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనిది. 2016లో జిల్లాల పునర్విభజన జరిగిన పిమ్మట నది కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాయందలి కెరమెరి మండలమున జేరినది. అడవిమీది హక్కులకై నిలిచిన గోండు నాయకుడు కుమురం భీము 1940లో నిజాము ప్రభుత్వ బలగముల తుపాకిగుండ్లకు నేలకొరగిన తావిదియే. ఆయన స్మారకముతోపాటు ఈ ప్రదర్శనశాలయు 2014లో సంకల్పింపబడి 2016 నాటికి వెలసినది.

జానపద వస్తువులను గాపాడవలెనను తలంపు ఐరోపాయందు పందొమ్మిదవ శతాబ్దిలో బలపడెను. స్వీడను దేశమున ఆర్థర్ హజేలియసను విద్వాంసుడు నానా ప్రాంతముల పల్లెటిండ్లను విప్పించి తెప్పించి, 1891లో స్టాక్‌హోమ్ నగరమున స్కాన్సెన్ అను బయలు ప్రదర్శనశాలను నెలకొల్పెను. అచ్చట పల్లె పట్టణమునకు వచ్చినది. జోడేఘాట్‌లో నట్లు గాక, ప్రదర్శనశాలయే కొండలలోని పల్లెకు వచ్చినది. చూడవచ్చువారిలో ఆ వస్తువులను ఇంట వాడుకొనువారును నుందురు. కావున ఇచ్చటి వస్తువులకు అర్థము చెప్పగలవారు దూరమున లేరు. ఈ శాలకు గల విశేష మిదియే.

గోండుల వస్తుజాతమున మూడింటిని బరిశీలించిన నీ మాట తేటపడును. మొదటిది ఓజాల లోహశిల్పము. జైనూరు ప్రాంతపు ఉషేగాము మొదలగు పల్లెలలో ఓజాలు మట్టిముద్దపై తేనెమైనపు దారములను జుట్టి రూపము దిద్దుదురు. దానిపై మరల మట్టి పూసి కాల్తురు. మైనము కరగి పోయిన ఖాళీలో కరగిన లోహమును బోయుదురు. చల్లారిన పిదప పైమట్టిని బగులగొట్టుటచే అచ్చు నశించును. కావున ఒక ప్రతిమవంటిది మరియొకటి యుండదు. ఆదిలాబాదు డోక్రా యను పేర నీ పనికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది.

రెండవది మల్‌బూర, అనగా నెమలియీకల కిరీటము. దీపావళి దినములలో దండారి జరుగునపుడు గుసాడీలు దీనిని దాల్చి, మేన బూడిద పూసికొని, ఊరూరికి బోయి ఆడుదురు. మార్లవాయికి జెందిన కనకరాజు ఈ నృత్యమునకై 2021లో పద్మశ్రీ పురస్కారము నందెను, 2024లో మరణించెను. శిరముపై నున్నంతకాలము మల్‌బూర పూజ్యమైనది. అద్దపు పెట్టెలో నదియే అలంకారమాత్రముగా దోచును.

మూడవది కిక్రి. ఇది మూడు తంత్రులు గలిగి కమానుతో వాయింపబడు వాద్యము. గోండుల వంశగాథలను పరంపరగా గానము చేయు పర్ధానులకు నిది జీవనాధారము. ఏయే వంశములు నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు అన్నదమ్ముల శాఖలకు జెందునో, పహండి కుపార్ లింగాల్ గోండులకు ధర్మము నెట్లేర్పరచెనో ఆ గాథలే చెప్పును. పర్ధానులు ఇంట మరాఠీ మాటలాడుదురు. గాథను మాత్రము గోండీలో బాడుదురు. ఇట్లు గోండుల పురాణము వేరొక మాతృభాషగలవారి కంఠమున నిలిచియున్నది. పాడువాడు లేనిచో కిక్రి కఱ్ఱయు, తోలును మాత్రమే. వస్తువును దాచుట సులభము. వాక్కును దాచుట దుష్కరము.

ఈ వాక్కు తెలుగు పండితులకు బరాయిది కాదు. గోండీ ద్రావిడభాష. ప్రాచీన లేఖనమున మనము 'మూఁడు' అని అరసున్నతో వ్రాయు సంఖ్యను గోండులు 'మూండ్' అందురు. 'నాలుఁగు'ను 'నాలుంగ్' అందురు. పుస్తకములలో అరసున్నగా మిగిలి, పలుకుబడినుండి జారిపోయిన అనునాసికము ఆ కొండలలో నిండుసున్నగా వినబడుచున్నది. బాలురకు అరసున్న నిరర్థకమగు గుర్తు కాదని నిరూపించుటకు ఇంతకంటె జక్కని నిదర్శన మరుదు.

వాక్కును నిలుపు యత్నములు లేకపోలేదు. మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో వసించి గోండుల జీవితమును బరిశీలించెను. ఆయన ప్రేరణచే 1943లో నచ్చట గోండు ఉపాధ్యాయుల శిక్షణ మారంభమై, దేవనాగరిలో గోండీ వాచకములు వెలువడెను. పిమ్మట గుంజాల గ్రామమున గోండీకే ప్రత్యేకమైన లిపిలోని వ్రాతప్రతులు వెలుగులోనికి వచ్చినవి. ఆ గుంజాల లిపి 2018లో యూనికోడ్ ప్రమాణమున స్థానము బొందినది.

కావున జోడేఘాట్ వంటి శాలకు వలసినది మరిన్ని వస్తువులు కావు. ప్రతి వస్తువు చెంతను దాని గోండీ నామము, చేసినవాని కులవృత్తి, వాడు కాలము, దానినిగూర్చిన గాథ గుంజాల లిపిలోను, తెలుగులోను వ్రాయబడవలెను. పర్ధానుల గానము ధ్వనిముద్రితమై కిక్రి ప్రక్కనే వినబడవలెను. కిక్రి పది తరములకైనను నిలుచును. గాథ నెఱిగిన వృద్ధుడు అంతకాలము నిలువడు. ఈ భేదము నెఱిగి ముందుగా జేయవలసిన పనిని ముందు చేయుట విద్వాంసుల ధర్మము.