కంపెనీ లేని కవి: ఇమ్మార్టల్ టెక్నిక్ ర్యాప్ - ఒక పరిశీలన

కళాకారుడు స్వతంత్రుడు అన్నప్పుడు మనం రెండు వేర్వేరు విషయాలను కలిపేస్తుంటాం. తన కృతిని తానే తయారుచేసి తానే అమ్ముకోగలగటం ఒకటి. పాలకవర్గ భావజాలం నుంచి తన ఆలోచనను విడిపించుకోగలగటం మరొకటి. మొదటిది ఉత్పత్తికి సంబంధించినది, రెండవది దృక్పథానికి సంబంధించినది. మొదటిది చేతిలో ఉంటే రెండవది దానంతటదే వస్తుందా? ఈ ప్రశ్నను పరిశీలించటానికి అమెరికన్ ర్యాప్ గాయకుడు ఇమ్మార్టల్ టెక్నిక్ జీవితమూ కృషీ మంచి ఆధారం. పెద్ద రికార్డు కంపెనీల ఒప్పందాలను కాదని, సొంతంగా పాటలు చేసి, వీధుల్లో నిలబడి అమ్మినవాడు అతను. పాటల్లో సామ్రాజ్యవాదాన్నీ జాత్యహంకారాన్నీ వర్గదోపిడీనీ సూటిగా పేరుపెట్టి విమర్శించినవాడు. ఈ రెండింటికీ ఉన్న సంబంధం ఏమిటన్నదే ఈ వ్యాసంలో చర్చనీయాంశం.

ముందు ర్యాప్ నేపథ్యం కొంత చెప్పుకోవాలి. ర్యాప్ అంటే తాళానికి కట్టుబడి పలికే కవిత్వం. ఇందులో రాగానికి కన్నా మాటకూ ప్రాసకూ ప్రాధాన్యం ఎక్కువ. 1973 ఆగస్టు 11న న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో, కూల్ హెర్క్ అనే జమైకా వలస యువకుడు రికార్డులు తిప్పుతూ నడిపిన ఒక పార్టీని ఈ సంస్కృతికి ఆరంభంగా చెప్తారు. పెద్ద రహదారి కోసం ఇళ్ళు కూల్చినచోటు అది. ఇన్సూరెన్సు డబ్బు కోసం కొందరు యజమానులు తమ భవనాలకు తామే నిప్పు పెట్టించిన రోజులవి. వాద్యాలు కొనే స్తోమత లేని నల్లజాతి, లాటిన్ అమెరికన్ యువకులు పాత గ్రామఫోను రికార్డులనే వాద్యాలుగా చేసుకున్నారు. 1979లో ‘రాపర్స్ డిలైట్’ పెద్ద వ్యాపార విజయం సాధించింది. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం ‘ది మెసేజ్’తో పేదవాడల బతుకును పాటకు వస్తువు చేసింది. ఈ రెండు దారులూ, వినోదమూ నిరసనా, అప్పటినుంచీ ర్యాప్‌లో పక్కపక్కనే నడుస్తున్నాయి. వినోదం లాభసాటి అని కంపెనీలు త్వరగానే గ్రహించాయి.

కంపెనీ ఒప్పందం ఎలా పనిచేస్తుందో తెలిస్తే గాని దాన్ని నిరాకరించటంలోని విలువ తెలియదు. కంపెనీ గాయకుడికి ముందుగా కొంత సొమ్ము ఇస్తుంది. అది బహుమానం కాదు, జీతమూ కాదు. రాబోయే రాయల్టీ మీద ఇచ్చిన బయానా. రికార్డింగు ఖర్చు, తరచు వీడియో ఖర్చులో కొంత భాగం కూడా గాయకుడి వాటాలోంచే మినహాయిస్తారు. ఆ లెక్క తీరేవరకూ అతనికి రాయల్టీగా పైసా రాదు. లెక్క తీరినా, పాట మూల ముద్రణ మీద హక్కు సాధారణంగా కంపెనీదే. మోతుబరి దగ్గర బాకీపడ్డ జీతగాడు ఎన్నేళ్ళు చాకిరీ చేసినా బాకీ తీరదు. తీరినా పొలం అతనిది కాదు. ఆకర్షణీయమైన భాష వెనక ఉన్నది ఇటువంటి సంబంధమే. ఏ పాట బయటికి రావాలో, ఏది అటకెక్కాలో నిర్ణయించే అధికారం కూడా ఈ యాజమాన్యంలోంచే పుడుతుంది. కంపెనీకి ప్రత్యేకంగా కత్తెర అక్కర్లేదు. అప్పు పత్రమే కత్తెర.

ఇమ్మార్టల్ టెక్నిక్ అసలు పేరు ఫెలిపె అండ్రెస్ కొరోనెల్. 1978 ఫిబ్రవరి 19న పెరూ రాజధాని లీమాలో పుట్టాడు. 1980లో, పెరూలో అంతర్యుద్ధం మొదలవుతున్న రోజుల్లో, కుటుంబం న్యూయార్కులోని హార్లెమ్‌కు వలస వచ్చింది. ప్రవేశపరీక్షలో నెగ్గినవాళ్ళను మాత్రమే చేర్చుకునే హంటర్ కాలేజి హైస్కూల్లో చదివాడు. తెలివితేటలు గుర్తింపు పొందాయి గాని కోపానికి దారి దొరకలేదు. యవ్వనంలో కొట్లాటలూ అరెస్టులూ సాగాయి. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో ఉండగా దాడి కేసులో శిక్షపడి సుమారు ఏడాది జైల్లో ఉన్నాడు. 1999లో పెరోలు మీద విడుదలయ్యాడు. జైల్లో చదివాడు, రాశాడు. బయటికి వచ్చాక న్యూయార్కులోని బరూక్ కాలేజీలో కొంతకాలం రాజనీతిశాస్త్రం చదివాడు.

జైలు మనిషిని మార్చింది అని తేలిగ్గా అనేస్తుంటాం. జైలు ఎంతమందినో విరిచింది కూడా. ఇతని విషయంలో జరిగింది వేరు. తన కోపాన్ని తన ఒక్కడి స్వభావంగా కాక, వలస, జాతి, దారిద్ర్యం కలిసి తయారుచేసిన సామాజిక స్థితిగా అర్థం చేసుకునే వీలు చదువు వల్ల కలిగింది. అతని పాటలన్నిటికీ పునాది ఈ అవగాహనే. అది కంపెనీ లేకపోవటం వల్ల వచ్చింది కాదు. ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి.

విడుదలయ్యాక న్యూయార్కు ర్యాప్ పోటీల్లో పేరు తెచ్చుకున్నాడు. ఎదుటివాణ్ణి అక్కడికక్కడ ఆశువుగా ప్రాసకట్టి ఓడించే పోటీలవి. 2001లో తొలి ఆల్బం ‘రెవల్యూషనరీ వాల్యూమ్ 1’ తెచ్చాడు. వెనక కంపెనీ లేదు, పంపిణీదారు లేడు. న్యూయార్కు వీధుల్లోనూ కచేరీల దగ్గరా చేతికి చెయ్యి మార్చి అమ్మాడు. 2003లో ‘రెవల్యూషనరీ వాల్యూమ్ 2’ వైపర్ రికార్డ్స్ అనే చిన్న స్వతంత్ర సంస్థ ద్వారా వచ్చింది. అది ఇరాక్ మీద దాడి జరిగిన సంవత్సరం. రేడియోలూ టెలివిజనూ యుద్ధానికి భజన చేస్తున్న సమయంలో, ప్రచార సాధనాలు ప్రభుత్వానికి మరొక శాఖగా ఎలా మారతాయో ఆ ఆల్బంలోని ‘ది ఫోర్త్ బ్రాంచ్’ చెప్పింది. 1982లో మరణశిక్ష పడి అప్పటికింకా ఆ నీడలోనే ఉన్న నల్లజాతి పత్రికా రచయిత ముమియా అబూ-జమాల్ గొంతును అదే ఆల్బంలో వినిపించాడు. 2011లో ముమియా మరణశిక్ష యావజ్జీవంగా మారింది. పెద్ద కంపెనీ ఆ సంవత్సరంలో ఇటువంటి ఆల్బం తెచ్చి ఉండేదని ఊహించటం కష్టం. స్వతంత్ర ఉత్పత్తి ఇచ్చిన నిజమైన ఫలితం ఇది. దీన్ని తక్కువ చేసి చూడకూడదు.

శిల్పం దృష్ట్యా రెండవ ఆల్బంలోని ‘పెరూవియన్ కొకెయిన్’ రచయితలు ప్రత్యేకంగా పరిశీలించదగ్గది. ఇందులో ఏడుగురు గాయకులు ఒక్కొక్క పాత్ర ధరించి, ఉత్తమపురుషలో, వరసగా మాట్లాడతారు. కోకా తోటలోని కూలీతో మొదలై, పెత్తందారు, పాలకుడు, సరుకు దిగుమతి చేసుకునేవాడు, వీధి వ్యాపారి, మారువేషపు పోలీసుల మీదుగా ఖైదీ దగ్గరికి చేరుతుంది. ఎవడూ తాను దుర్మార్గుణ్ణని అనుకోడు. ఎవడి సమర్థన వాడికుంది. ఒక సరుకు పొలం నుంచి వీధిదాకా సాగే దారినే పాటకు నిర్మాణంగా తీసుకోవటం ఇక్కడి ప్రతిభ. మాదకద్రవ్యాలు చెడ్డవి అన్న నీతిబోధ లేకుండానే, అట్టడుగున కూలీకి దక్కిందేమిటో, చివర శిక్ష ఎవరికి పడిందో శ్రోత తానే లెక్క వేసుకుంటాడు. వస్తువే శిల్పాన్ని నిర్ణయించిందనటానికి ఇది చక్కని ఉదాహరణ.

ఇక పరిమితుల సంగతి. అతని పాటల్లో బాగా ప్రసిద్ధమైనది తొలి ఆల్బంలోని ‘డాన్స్ విత్ ద డెవిల్’. ముఠాలో తన మొనగాడితనం రుజువు చేసుకోవటానికి ఒక కుర్రవాడు చీకట్లో ఒక స్త్రీ మీద జరిగే సామూహిక అత్యాచారంలో పాల్గొంటాడు. తర్వాత ఆమె తన తల్లి అని తెలుసుకుని మేడమీద నుంచి దూకి చస్తాడు. వెనక వినిపించేది ‘లవ్ స్టోరీ’ సినిమా బాణీ. ఆ వైరుధ్యం గుండెను పిండుతుంది. పేదవాడలో మగతనం అనే భావన యువకుల్ని ఎలా తినేస్తుందో ఇంత బలంగా చెప్పిన పాటలు తక్కువ. కాని ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఆ స్త్రీ తల్లి కాకపోయి ఉంటే? కథలో భయంకరం అంతా ఆమె ఎవరో తెలియటంలోనే ఉంది. ఆమెకు పేరు లేదు, గతం లేదు. కొడుకు పతనాన్ని కొలిచే సాధనంగా మాత్రమే ఆమె కథలోకి వచ్చింది. స్త్రీని తల్లిగా గుర్తిస్తే తప్ప మనిషిగా చూడలేని దృష్టిని ఈ పాట విమర్శించబోయి, తానే ఆ దృష్టికి లోబడింది.

ఇది ఒక్క పాట లోపం కాదు. తొలి పాటల్లో స్త్రీలనూ స్వలింగ ప్రేమికులనూ కించపరిచే మాటలు, పోటీల భాషలోంచి తెచ్చుకున్నవి, అక్కడక్కడా యథాతథంగా ఉన్నాయి. 2005లో వచ్చిన ‘బిన్ లాడెన్’ పాటలో మరొక బలహీనత కనిపిస్తుంది. 1980లలో అఫ్ఘనిస్తాన్ ముజాహిదీన్‌లకు అమెరికా ఆయుధాలూ డబ్బూ అందించిందన్నది చరిత్ర. 2001లో న్యూయార్కు జంట భవనాలను అమెరికా పాలకులే కూల్చారనటం ఆధారం లేని ఆరోపణ. ఇటువంటి ఆరోపణ పైకి తీవ్రంగా కనిపిస్తుంది గాని నిజానికి విశ్లేషణను బలహీనపరుస్తుంది. వ్యవస్థ సహజంగా చేసే పనిని కొద్దిమంది రహస్యపు కుట్రగా మార్చేస్తుంది. ‘పెరూవియన్ కొకెయిన్’లో కుట్రదారు ఎవడూ లేడు, సంబంధాలే ఉన్నాయి. ఆ పాట బలమూ ఈ పాట బలహీనతా అక్కడే తేలిపోతాయి.

కంపెనీ ఉండి ఉంటే ఈ లోపాలకు మార్కెట్టును నిందించవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. మధ్య మరొకరు లేనప్పుడు కవి గుణమూ దోషమూ రెండూ అతని దృక్పథానివే. స్వాతంత్ర్యం ఇచ్చేది ఇటువంటి బాధ్యతను.

తొలి ఆల్బంలోనే ‘ది పావర్టీ ఆఫ్ ఫిలాసఫీ’ అనే వచన ప్రసంగం ఉంది. లాటిన్ అమెరికన్ శ్రోతలనుద్దేశించి, జాతి కన్నా వర్గం లోతైన బంధమని, తమ జాతి ధనికుల కన్నా శ్రమచేసే తెల్లవాడే తనకు దగ్గరవాడని చెప్పిన ప్రసంగమది. ఈ శీర్షిక మార్క్సుది. 1846లో ప్రూధాన్ రాసిన దారిద్ర్య తత్వశాస్త్రానికి జవాబుగా 1847లో మార్క్సు రాసిన పుస్తకం పేరు ‘తత్వశాస్త్ర దారిద్ర్యం’. చిన్న ఉత్పత్తిదారుడు తన పనిముట్లు తన దగ్గరే ఉంచుకుని, న్యాయమైన మారకంతో దోపిడీ నుంచి బయటపడవచ్చునన్న ఆశ ప్రూధాన్‌ది. సరుకుల మారకం మీద నిలిచిన సమాజాన్ని అలాగే ఉంచి దాని చెడుగును మాత్రం తీసెయ్యలేమన్నది మార్క్సు సమాధానం. తన పాట తానే అమ్ముకునే గాయకుడి స్థితి ప్రూధాన్ కలగన్న ఉత్పత్తిదారుడి స్థితే. తాను ఎంచుకున్న శీర్షికలోనే తన స్వతంత్రతకు విమర్శ కూడా ఉందన్నమాట.

తర్వాతి చరిత్ర దీన్ని బలపరుస్తుంది. 2008లో ‘ది థర్డ్ వరల్డ్’ వచ్చింది. ఆ ఆల్బం లాభాలతో, ఒక సేవాసంస్థతో కలిసి, కాబూల్‌లో అనాథాశ్రమం కట్టించటానికి పూనుకున్నాడు. 2011లో ‘ది మార్టిర్’ను ఉచితంగా విడుదల చేశాడు. ఈ లోగా సి.డి. అనే వస్తువే వాడుకలోంచి జారిపోయింది. పాట ఇప్పుడు ఎక్కువగా ఇంటర్‌నెట్ ద్వారా కొద్దిపాటి పెద్ద సంస్థల వేదికల మీద వినపడుతోంది. రికార్డు కంపెనీని కాదన్నవాడు ఆ వేదికను కాదనటం కష్టం. ఇల్లు మారింది గాని అద్దె తప్పలేదు.

తెలుగులో కవితా సంపుటాలు చాలావరకు కవుల సొంత ఖర్చుతోనే అచ్చవుతున్నాయి. అందువల్ల ఈ చర్చ మనకు దూరమైనది కాదు. ప్రచురణకర్త లేనంత మాత్రాన కవి స్వతంత్రుడు కాడు, ప్రచురణకర్త ఉన్నంత మాత్రాన అమ్ముడుపోయినవాడూ కాడు. ఇమ్మార్టల్ టెక్నిక్ తన పాటను తన చేతిలో ఉంచుకోవటం వల్ల, ఇతరులు పలకటానికి వెనకాడిన సత్యాలు పలకగలిగాడు. ఏది సత్యమో తేల్చుకునే పని మాత్రం ఆ చేతికి తనంతట రాలేదు. అది చదువు వల్ల, అనుభవం వల్ల, నిరంతర ఆత్మవిమర్శ వల్ల రావలసినది. అవి మూడూ కలిసినచోట ‘పెరూవియన్ కొకెయిన్’ పుట్టింది. మూడవది లోపించినచోట, గొంతు ఎంత స్వేచ్ఛగా ఉన్నా, పాత సమాజపు మాటే ఆ గొంతులోంచి వినిపించింది.