నిండు నూనెపాత్ర

ఇంట కోడలు నెల తప్పిందనగానే పెద్దలు ప్రహ్లాదుని కథ చెబుతారు. తల్లి కడుపులోనే నారాయణతత్త్వం విన్న బాలుడాయన. "నీవూ భాగవతం చదువమ్మా" అంటారు. చదవవలసిందే. కానీ ఆ కథ మొదలెక్కడో చూడండి. హిరణ్యకశిపుడు తపస్సుకు వెళ్ళగా, ఇంద్రుడు గర్భవతియైన కయాధువును (మనవారు లీలావతి అంటారు) చెరపట్టి తీసుకుపోతుంటే నారదుడు అడ్డుపడ్డాడు. భర్త వచ్చేదాకా తన ఆశ్రమంలో నిర్భయంగా ఉండమన్నాడు. ఉపదేశం ఆ తరువాతిది.

చరకసంహిత శారీరస్థానం గర్భిణిని నిండు నూనెపాత్రతో పోల్చింది. తొణకకుండా చూసుకోవాలన్నది. పాత్ర తనను తాను మోసుకోదు కదా! మనమేమో నియమాలన్నీ ఆమె నెత్తిన పెట్టి, బిడ్డకు ఏ లోపం కలిగినా ఆమెనే నిందిస్తాం. అష్టావక్రుని ఎనిమిది వంకరలు ఎవరివల్ల వచ్చాయి? తన అధ్యయనాన్ని తప్పుపట్టాడని గర్భస్థ శిశువును శపించిన తండ్రి కహోడునివల్ల. తల్లి సుజాత చేసిన తప్పేమీ లేదు.

గ్రహణమొర్రి మాట ఇంకా బాధాకరం. గ్రహణంనాడు కదిలిందనో, కత్తి పట్టిందనో ఆ తల్లి జీవితాంతం మాట పడుతుంది. శిశువు పెదవి రెండు నెలలలోపే రూపుకడుతుంది. ఏడవ నెలలో వచ్చిన గ్రహణం దానిని చీల్చలేదు. వంశగత లక్షణాలు, గర్భిణి ఒంట్లోని మధుమేహం, పొగ వంటివి అందుకు కారణం కావచ్చునని వైద్యులు చెబుతున్నారు. ఆ పొగ చాలా ఇళ్ళలో భర్త చుట్టదే! మొర్రిని శస్త్రచికిత్సతో సరిచేయవచ్చు. గ్రహణవేళ గర్భిణి జపం చేసుకోవచ్చు, దాహమైతే నీళ్ళు త్రాగవచ్చు.

కార్తీక సోమవారం ఉపవాసముండవచ్చునా అని గుడిలో నన్ను గర్భిణులు అడుగుతుంటారు. వద్దు తల్లీ అంటాను. ధర్మశాస్త్రం వారికి సడలింపు ఇచ్చింది. రక్తహీనత గల తల్లికి నెలలు నిండకమునుపే కాన్పు కావడం, బిడ్డ బరువు తక్కువగా పుట్టడం జరిగే ప్రమాదం ఎక్కువ. వైద్యులిచ్చిన ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు ప్రసాదమంత శ్రద్ధగా వేసుకోవాలి. వేసుకున్నదో లేదో అత్తగారు అడగాలి.

ఇక సీమంతం. నేడది గాజులు, ఫోటోలుగా మిగిలింది. ఆపస్తంబ గృహ్యసూత్రం ప్రకారం అందులో కర్త భర్తే. ముళ్ళపంది ముల్లు, దర్భలు, మేడికాయల గుత్తి చేతబట్టి భార్య పాపట తీస్తాడు. వీణాగాయకులచేత పాడిస్తాడు. ఆరవ నెల దాటేసరికి బయటి శబ్దాలు శిశువు చెవికి అందుతాయని నేటి వైద్యం కూడా అంటున్నది. మీ ఇంట సీమంతం జరిగినప్పుడు పురోహితుణ్ణి తొందరపెట్టకండి. ఆ పాటకు కాస్త సమయం ఉంచండి.