ఆపరేషన్ కాన్పుకూ పిప్పిపళ్ళకూ సంబంధం ఉందా?

"ఆపరేషన్ చేసి తీసిన బిడ్డ కాబట్టే పళ్ళు పుచ్చాయి అంటున్నారు, నిజమేనా డాక్టరుగారూ?" అని అడిగే తల్లులున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు సిజేరియన్లే. కనుక ఈ సందేహం ఎన్నో ఇళ్ళకు సంబంధించినది.

పిప్పి ఎలా వస్తుంది?

పంటిలో పురుగు చేరిందంటారు పెద్దలు. నిజానికి అది కంటికి కనిపించని సూక్ష్మజీవుల పని. వాటిలో ముఖ్యమైనది స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్. నోట్లో మిగిలిన చక్కెరను అది ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం పంటిపైనున్న ఎనామిల్ పొరను కరిగిస్తుంది. ఈ క్రిమి బిడ్డకు ఎక్కువగా తల్లి ఎంగిలి ద్వారానే సోకుతుంది.

కాన్పు ప్రభావం ఎంత?

మామూలు కాన్పులో బిడ్డకు తల్లి శరీరం నుంచి అనేక రకాల సూక్ష్మజీవులు అంటుకుంటాయి. వాటిలో మేలు చేసేవే ఎక్కువ. అవి ముందుగా చోటు చేసుకుంటే పిప్పి క్రిమి రావడం ఆలస్యమవుతుందని శాస్త్రజ్ఞుల ఊహ. 2005లో అమెరికాలో 156 మంది తల్లులనూ బిడ్డలనూ పరిశీలించిన పరిశోధన ఒకటి వెలువడింది. అందులో సిజేరియన్ బిడ్డల నోట ఈ క్రిమి సుమారు 17 నెలలకే కనబడగా, మామూలు కాన్పు బిడ్డల్లో 29 నెలలకు కనబడింది. అయితే తరువాతి పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పలేదు. పైగా క్రిమి చేరడం వేరు, పన్ను పుచ్చడం వేరు. చక్కెర అందకపోతే ఆ క్రిమి చేయగలిగే హాని తక్కువ.

అవసరమైన ఆపరేషన్ తల్లీబిడ్డల ప్రాణం కాపాడుతుంది. పళ్ళు పుచ్చుతాయని దానికి భయపడనక్కరలేదు. మామూలు కాన్పే కదా అని అశ్రద్ధ చేయడమూ తగదు.

తల్లులు చేయవలసినవి

1. మీ పిప్పిపళ్ళకు ముందు వైద్యం చేయించుకోండి. మీరు నోట పెట్టుకున్న చెంచాతో బిడ్డకు తినిపించకండి.

2. పాలసీసా నోట పెట్టి నిద్రపుచ్చకండి. పాలలో పంచదార కలపకండి. పాలపీకకు తేనె రాయకండి.

3. పళ్ళు రాకముందు తడిగుడ్డతో చిగుళ్ళు తుడవండి. మొదటి పన్ను రాగానే మెత్తని బ్రష్షుతో, బియ్యపుగింజంత ఫ్లోరైడ్ పేస్టుతో రోజూ రెండుసార్లు తోమండి. నల్లగొండవంటి ఫ్లోరైడ్ నీళ్ళ ప్రాంతాలవారు ముందుగా దంతవైద్యుని అడగాలి.

4. ఏడాది నిండేలోగా ఒకసారి దంతవైద్యునికి చూపించండి.

ఎలాగూ ఊడిపోయే పళ్ళే కదా అనుకోవద్దు. వెనుక దవడలోని పాలపళ్ళు పది, పన్నెండేళ్ళదాకా ఉండాలి. అవి ముందే పోతే కొత్తపళ్ళు వంకరగా రావచ్చు. నొప్పితో బిడ్డ తిండీ నిద్రా మానేస్తుంది.

నెలకోసారి బిడ్డ పైపెదవి ఎత్తి చూడండి. చిగురు అంచున సుద్దగీతలా తెల్లగా కనిపిస్తే అదే పిప్పికి తొలి గుర్తు. నల్లబడేదాకా ఆగకుండా అప్పుడే వైద్యుని దగ్గరకు తీసుకువెళితే దాన్ని అక్కడితో ఆపవచ్చు.