నోటుపుస్తకాలు దిద్దే శ్రమ తగ్గేదెలా?



సాయంత్రం బడి విడిచాక మా తోరణగల్లు స్టేషన్లో బళ్ళారి వైపో, హొసపేట వైపో పోయే రైలు కోసం కాచుకున్న ఉపాధ్యాయుల్ని మీరు చూసే ఉంటారు. చేతిలో ఒక సంచి, అందులో నోటుపుస్తకాల కట్ట. ఇంటికి చేరి, వంటా భోజనమూ అయ్యాక ఆ కట్ట విప్పాలి. ఈ రోజు ఆ కట్ట గురించే నాలుగు మాటలు చెప్పదలిచాను. వినేవారిలో ఉపాధ్యాయులున్నారు, తల్లిదండ్రులూ ఉన్నారు. ఇది ఇద్దరికీ సంబంధించిన విషయమే.

ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. తరగతిలో 40 మంది పిల్లలు. ఒక్కొక్కరికి 10 లెక్కలిచ్చాం. మొత్తం 400 లెక్కలు. ఒక్కోదానికి అర నిమిషం చొప్పున 200 నిమిషాలు, అంటే 3 గంటల 20 నిమిషాలు. ఇది ఒక తరగతికి, ఒక రోజు పని. ఇంత శ్రమపడి మనం పుస్తకంలో మిగిల్చేదేమిటి? తప్పు దగ్గర ఒక ఎర్ర గీత. ఆ తప్పు ఎందుకు వచ్చిందో ఆ గీత చెప్పదు.

దీనికి నా అనుభవమే ఒకటి చెబుతాను. తీసివేతలు నేర్పే రోజుల్లో 52 నుంచి 27 తీసివేయమని ఇచ్చాను. ఒక అమ్మాయి 35 అని వేసింది. పై అంకె చిన్నదైనా చూసుకోకుండా, పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసిందనుకున్నాను. అప్పు తెచ్చుకోవడమే రాదని తీర్మానించి, వారం రోజులు మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. ఆ పాప తల వంచుకొని విన్నది. మళ్ళీ 35 అనే వేసింది. చివరకు దగ్గరకు పిలిచి, "ఎట్లా చేశావమ్మా, నోటితో చెప్పు" అన్నాను. అప్పు చక్కగానే తెచ్చుకుంది. 12 లోంచి 7 తీసి 5 వేసింది. అయితే పదుల స్థానంలో 5 ని 4 చెయ్యడం మరిచి, 5 లోంచి 2 తీసి 3 వేసింది. వచ్చినదాన్నే వారం రోజులు నేర్పాను, రానిదాన్ని ఒక్కసారైనా చెప్పలేదు.

తప్పు ఆ పాపది కాదు, నా ప్రశ్నది. 52 నుంచి 27 తీసివేతలో రెండు రకాల పొరపాట్లకూ 35 అనే జవాబే వస్తుంది. అదే 53 నుంచి 27 అని ఇచ్చి ఉంటే? సరైన జవాబు 26. పెద్ద అంకెలోంచి చిన్నది తీసేవారికి 34 వస్తుంది. అప్పు తెచ్చుకొని పదులు తగ్గించడం మరిచినవారికి 36 వస్తుంది. జవాబు చూడగానే కారణం తెలుస్తుంది. తప్పు ఎక్కడుందో చెప్పే ప్రశ్న ఒక్కటి చాలు, చెప్పలేని ప్రశ్నలు పది ఇచ్చినా లాభం లేదు.

కాబట్టి నేను చేసే పద్ధతి ఇది. పాఠం ముగిసే ముందు అయిదు నిమిషాలు ఉంచుకుంటాను. ఒక్క ప్రశ్న, అరచేతంత కాగితం ముక్క. పిల్లలు జవాబు రాసి ఇచ్చి వెళతారు. ఆ ముక్కల మీద నేను ఏమీ దిద్దను, మార్కులు వెయ్యను. మూడు కుప్పలుగా వేరు చేస్తాను: వచ్చినవారు, ఒక మెట్టు దగ్గర తడబడినవారు, అసలు అర్థం కానివారు. ముక్కకు 15 సెకన్ల చొప్పున 40 ముక్కలకు 10 నిమిషాలు. రేపు ఎవరిని దగ్గర కూర్చోబెట్టుకోవాలో అప్పుడే తెలిసిపోతుంది.

మార్కులు ఎందుకు వెయ్యను అంటారా? ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రకటించిన ఫలితాలు చూడండి. సలహా మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగుపడ్డారు. మార్కులూ సలహా కలిపి ఇస్తే ఆ మేలు కనబడలేదు. మార్కు కనబడగానే పిల్లల చూపు దాని మీదే నిలిచిపోతుంది.

భాషా పాఠాల్లో ఇంకో సదుపాయం ఉంది. మన సరిహద్దు ప్రాంతంలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం ఉన్న పిల్లలు ఎందరో. ఉక్తలేఖనంలో కొందరు 'హాలు' అనవలసినచోట 'పాలు' అనీ, 'హులి' అనవలసినచోట 'పులి' అనీ రాస్తారు. పదిచోట్ల పది ఎర్ర గీతలు గీస్తే పిల్లవాడికి తాను పది తప్పులు చేసినట్టు తోస్తుంది. నిజానికి అది ఒక్కటే తప్పు. తెలుగు పకారానికి చాలా మాటల్లో కన్నడంలో హకారం వస్తుంది. పాత కన్నడంలో ఆ మాటలు పకారంతోనే ఉండేవి కూడా. ఈ సంగతి నల్లబల్ల మీద ఒక్కసారి రాసి చూపి, ఎవరి పుస్తకం వారినే సరిచేసుకోమంటే అందరికీ ఒకేసారి పని జరిగిపోతుంది.

దిద్దడం పాఠంలోనే కలిసిపోవాలన్న ఆలోచన మన తెలుగు పల్లెల్లో ఏనాడో ఆచరణలోకి వచ్చింది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీవారు చుట్టుపక్కల గ్రామాల చిన్న బడుల కోసం పాఠాలను కార్డులుగా చేసి, మెట్లుమెట్లుగా నిచ్చెనలా అమర్చారు. పిల్లలు ఎవరి మెట్టు మీద వారుంటారు. కొన్ని మెట్లు ఎక్కాక పరీక్ష కార్డు వస్తుంది. అది కూడా నిచ్చెనలో ఒక మెట్టే. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె తాలూకా ఉపాధ్యాయులు అక్కడికి వెళ్ళి చూసివచ్చి, కన్నడంలో నలి-కలి పద్ధతిని మొదలుపెట్టారు. 2009-10లో అది కర్ణాటక ప్రభుత్వ కన్నడ బడుల చిన్న తరగతులకు విస్తరించింది. ఆ తరగతిలో పిల్లలు ఏ మెట్టు మీదున్నారో తరగతిలోనే కనబడుతుంది, సంచిలో మోసుకుపోనక్కర లేదు.

2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యా హక్కు చట్టం కూడా నిరంతర సమగ్ర మూల్యాంకనం కోరింది. మంచి ఉద్దేశమే. కాని నిరంతరం గమనించడం వేరు, నిరంతరం ఫారాలు నింపడం వేరు. రెండోది మొదటిదాని సమయాన్ని మింగకుండా చూసుకోవాలి. నా వరకు తరగతికి ఒకే కాగితం. రోజుకు 8 మంది పుస్తకాలు మాత్రం నిదానంగా, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకొని చూస్తాను. అయిదు రోజుల్లో 40 మందీ అవుతారు. విశేషం కనబడితేనే ఆ కాగితంలో రాస్తాను.

ఈ పద్ధతి అన్నింటికీ చాలదు. వ్యాసరచనను పూర్తిగా చదవాలి. వార్షిక పరీక్షను ప్రశ్నప్రశ్నకూ దిద్దాలి. అందుకు కావలసిన ఓపిక మిగలాలంటేనే రోజువారీ భారం తగ్గాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లల పుస్తకంలో ఎర్ర సిరా కనబడకపోతే "మేష్ట్రు చూడలేదు" అని నొచ్చుకోకండి. "ఈ రోజు ఏది తప్పింది, ఎందుకు తప్పింది?" అని పిల్లల్ని అడగండి. ఎందుకు తప్పిందో వాళ్ళు తమ నోటితో చెప్పగలిగితే, మీ ఊరి బడిలో మూల్యాంకనం బాగానే జరుగుతున్నట్టు.