పాత హోండాకు చిప్ ట్యూనింగ్.. ఆర్సీ రెన్యువల్‌లో చిక్కే!

పాత హోండా కారు సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నారా? చక్రాయపేటలోనైనా, కడపలోనైనా ఈసీయూను కదిలించారేమో ముందు అడగండి. పెట్రోల్ ఎంత చిమ్మాలి, స్పార్క్ ఎప్పుడివ్వాలన్నది ఆ కంప్యూటరే చూస్తుంది. 1990ల నాటి కొన్ని హోండాల్లో ఈ లెక్కలన్నీ 32 కేబీ చిప్‌లోనే ఇమిడిపోయేవి. ‘క్రోమ్’ (గూగుల్ క్రోమ్ కాదు) వంటి సాఫ్ట్‌వేర్‌తో వాటిని మార్చి, కొత్త చిప్‌లో రాసి బిగిస్తారు.

పికప్ పెరగొచ్చు. పెట్రోల్ పాళ్లు ఎక్కువైతే మాత్రం కార్బన్ మోనాక్సైడ్ పెరిగి పొల్యూషన్ టెస్ట్‌లో ఫెయిలవుతుంది. లోడ్ మీద తక్కువైతే పిస్టన్లకే ముప్పు. 15 ఏళ్లు దాటిన కారు ఆర్సీ రెన్యువల్‌కు ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు.

చట్టం అనుమతించని మార్పు చేస్తే మోటారు వాహన చట్టం 182ఎ(4) కింద యజమానికి 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, లేదా రెండూ. అందుకే బేరం కుదిరే ముందే కంపెనీ చిప్ ఉందా అని అడిగి, ఉంటే తీసుకోండి.