తొలి సినిమాకు మాలగ దారి

2019లో వచ్చిన తెలుగు సినిమా ‘ఎవరు’ చూసినవాళ్లకు ఆ మలుపులు గుర్తుండే ఉంటాయి. నిందితురాలు, ఆమెను ప్రశ్నించే మనిషి ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుంటారు. కాసేపటికోసారి కథ తలకిందులవుతుంది. దాని మూలం స్పెయిన్‌లో ఉంది. ఓరియోల్ పౌలో అనే దర్శకుడు 2016లో తీసిన ‘ది ఇన్విజిబుల్ గెస్ట్’ నుంచి వచ్చిన కథ అది. ‘ఎవరు’ వచ్చిన ఏడాదే హిందీలో అమితాబ్, తాప్సీలతో ‘బద్లా’గానూ వచ్చింది. ఇక స్పెయిన్ సిరీస్ ‘మనీ హైస్ట్’ సంగతి సరేసరి. ఎర్ర దుస్తులు, దాలీ మాస్కులు మన పిల్లలకు కూడా తెలుసు. స్పెయిన్ సినిమా అంటే ముడి మీద ముడి వేసే థ్రిల్లరని మన ప్రేక్షకుడు అనుకుంటే అతని తప్పేమీ లేదు.

అక్కడి కొత్త దర్శకులు పదేళ్లుగా తీస్తున్న సినిమాలు మాత్రం వేరు. అమ్మానాన్న పోయాక మేనమామ ఇంటికి చేరిన ఆరేళ్ల పిల్ల, నన్ల బడిలో ప్రశ్నలు దిగమింగుకునే పదకొండేళ్ల అమ్మాయి, పురిటి తర్వాత నిద్రలేక పుట్టింటికి వచ్చిన తల్లి... వీళ్లే ఆ కథానాయికలు. హత్యల్లేవు, దోపిడీల్లేవు. ఈ సినిమాలను సొంతగడ్డ మీద మొదట చూడాలనుకునేవాళ్లు వసంతకాలంలో మాలగ వెళతారు.

మాలగ దక్షిణ స్పెయిన్‌లో, అండలూసియా ప్రాంతంలో, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న రేవు పట్నం. పికాసో పుట్టింది ఇక్కడే. నటుడు ఆంతోనియో బందేరాస్‌దీ ఈ ఊరే. ఇక్కడి చిత్రోత్సవం 1998లో మొదలైంది. మొదట్లో స్పెయిన్ సినిమాలకే పరిమితం. 2017లో, ఇరవయ్యో ఉత్సవం నాటికి, లాటిన్ అమెరికా దేశాల చిత్రాలకూ తలుపులు తెరిచారు. అప్పటి నుంచి ఉత్తమ చిత్రం బహుమతులు రెండు: ఒకటి స్పెయిన్ చిత్రానికి, ఇంకొకటి లాటిన్ అమెరికా వైపు నుంచి వచ్చిన చిత్రానికి. బహుమతి పేరు బంగారు బిజ్నాగ. ఎండిన ఒక అడవి మొక్క కాడలకు జాజిమొగ్గలు ఒక్కొక్కటిగా గుచ్చి బంతిలా తయారుచేస్తే అది బిజ్నాగ. వేసవి సాయంత్రాల్లో మాలగ వీధుల్లో అమ్ముతారు. ఆ పూలబంతి రూపమే ట్రోఫీ అయింది.

ఈ ఉత్సవం బలం తెలియాలంటే క్యాలెండర్ చూడాలి. ఫిబ్రవరిలో బెర్లిన్ చిత్రోత్సవం. మార్చిలో మాలగ. ఆ తర్వాత కొన్ని వారాల్లోనో, రెండు మూడు నెలల్లోనో స్పెయిన్ థియేటర్లలో విడుదల. మరుసటి ఏడాది మొదట్లో ఆ దేశపు జాతీయ సినిమా పురస్కారాలు, గోయాలు. విదేశంలో వచ్చిన మెప్పు చల్లారకముందే సినిమా సొంత ప్రేక్షకుల ముందుకు వస్తుంది. ఇక్కడ గెలిస్తే పోస్టర్ మీద బిజ్నాగ ముద్రతో థియేటర్లకు వెళుతుంది. పెద్ద తారలు, ప్రచారానికి పెద్ద డబ్బు లేని తొలి సినిమాకు ఇంతకంటే మంచి వరస దొరకదు.

కార్లా సిమోన్ తీసిన ‘సమ్మర్ 1993’ ఈ దారిలోనే నడిచింది. ఎయిడ్స్ వల్ల తల్లిదండ్రులను పోగొట్టుకుని కెటలోనియా పల్లెలో మేనమామ కుటుంబంతో పెరిగిన తన బాల్యాన్నే ఆమె తెరకెక్కించారు. 2017 ఫిబ్రవరిలో బెర్లిన్‌లో ఉత్తమ తొలి చిత్రం బహుమతి, మార్చిలో మాలగలో బంగారు బిజ్నాగ, వేసవిలో విడుదల, 2018లో ఉత్తమ నూతన దర్శకురాలిగా గోయా.

ఆ తర్వాత అదే దారిలో మరో ముగ్గురు వచ్చారు. పిలార్ పలొమేరో ‘లాస్ నిన్యాస్’ 1992 నాటి సరగోసా నగరంలో ఒక నన్ల బడి కథ. ఒలింపిక్స్ జరుపుకుంటూ కొత్తగా ముస్తాబైన స్పెయిన్‌లో, ఆడపిల్లల పెంపకం మాత్రం పాత పద్ధతిలోనే ఎలా సాగిందో చెబుతుంది. కరోనా వల్ల 2020 మాలగ ఉత్సవం ఆగస్టుకు వాయిదా పడినా బంగారు బిజ్నాగ ఈ చిత్రానికే దక్కింది. మరుసటి ఏడాది గోయాల్లో ఉత్తమ చిత్రమూ ఇదే. 2022లో అలౌదా రుయిజ్ దె అసూవా ‘సింకో లోబితోస్’ గెలిచింది. బాలింతకు అమ్మ సాయం చేయడంతో మొదలై, అమ్మకే కూతురు సాయం చేయాల్సిన రోజు వచ్చేదాకా సాగుతుంది. 2023లో ఎస్తిబాలిస్ ఉర్రెసోలా ‘20,000 స్పీషీస్ ఆఫ్ బీస్’ వంతు. ఇంట్లోవాళ్లు అబ్బాయనుకుంటున్న ఎనిమిదేళ్ల బిడ్డ తాను అమ్మాయినని చెప్పుకునే కథ ఇది. తేనెటీగలు పెంచే ఒక బాస్క్ కుటుంబంలో జరుగుతుంది. ఆ పాత్ర చేసిన సోఫియా ఒతేరో తొమ్మిదేళ్ల వయసులో బెర్లిన్‌లో ఉత్తమ నటన బహుమతి అందుకుంది.

నలుగురికీ ఇవి తొలి ఫీచర్ సినిమాలు. నలుగురూ మహిళలు. నలుగురికీ నూతన దర్శకత్వానికి గోయా వచ్చింది. 2025లో గెలిచిన ‘సోర్దా’ కూడా బెర్లిన్‌లో ప్రేక్షకుల బహుమతి గెలుచుకుని వచ్చిన సినిమాయే. వినికిడి లేని ఒక స్త్రీ వినగలిగే భర్తతో బిడ్డను కంటే ఏమవుతుందన్నది కథ. దర్శకురాలు ఏవా లిబెర్తాద్. కథానాయిక మిరియమ్ గార్లో ఆమె చెల్లెలు. మిరియమ్‌కు నిజంగానే వినికిడి లేదు.

కొత్త దర్శకులంటే కాలేజీ దాటిన కుర్రకారని అనుకోనక్కర్లేదు. అలౌదా 1978లో పుట్టారు. లఘుచిత్రాలు, ప్రకటనలు తీస్తూ తొలి ఫీచర్ దగ్గరికి వచ్చేసరికి నలభై దాటాయి. పిలార్ సారాయెవో వెళ్లి హంగరీ దర్శకుడు బేలా తార్ దగ్గర చదువుకున్నారు. కార్లా లండన్‌లో చదివారు. ‘సోర్దా’ ముందు 2021లో లఘుచిత్రంగా వచ్చి, తర్వాతే ఫీచర్ అయింది. స్పెయిన్ ప్రభుత్వ సినిమా సంస్థ స్క్రిప్టు దశలోనే కొన్ని ప్రాజెక్టులను ఎంచి సాయం చేస్తుంది, అందులో కొత్త దర్శకులకు చోటుంటుంది. టీవీ సంస్థలు ఆదాయంలో కొంత సినిమాలపై పెట్టాలని చట్టం చెబుతుంది. ఇవన్నీ కలిస్తేనే ఒక తొలి సినిమా మాలగ దాకా వస్తుంది.

ఉత్సవం రోజుల్లో ఊరి నడిబొడ్డున లారియోస్ వీధిలో ఎర్ర తివాచీ పరుస్తారు. పోటీ చిత్రాలకు ప్రధాన వేదిక 1870 నాటి సెర్వాంతెస్ థియేటర్. అల్బేనిజ్ సినిమా హాలు పాత కోట, రోమన్ల కాలపు రంగస్థల శిథిలాల పక్కనే ఉంటుంది. ఒక హాల్లోంచి ఇంకో హాల్లోకి నడిచే వెళ్లొచ్చు. సాయంత్రం టీవీ తారల కోసం పిల్లలు కంచెల దగ్గర గుమిగూడతారు. సినిమా పిచ్చి ఉన్నవాళ్లు చూసుకోవాల్సింది మాత్రం ‘సోనాసినే’ అనే విభాగం. ప్రధాన పోటీలో ఇమడని, తక్కువ డబ్బుతో తెగించి తీసిన స్వతంత్ర చిత్రాలకు అదే ఇల్లు. దానికి వేరే జ్యూరీ, వేరే వెండి బిజ్నాగలు ఉన్నాయి.

తెర వెనక ఇంకో ఉత్సవం నడుస్తుంది, సినిమాల సంత. ఎడిటింగ్ బల్ల మీదే ఉన్న చిత్రాల ముక్కలను అమ్మకందార్లకు, ఇతర ఉత్సవాల ఎంపికదార్లకు చూపిస్తారు. డబ్బు అయిపోయి మధ్యలో ఆగిన సినిమాకు ఇక్కడ మిక్సింగ్ ఖర్చు పెట్టేవాడు దొరకవచ్చు. విదేశీ హక్కుల బేరం మొదలవ్వచ్చు. మామూలు ప్రేక్షకుడికి ఇది కనిపించదు గానీ, నిర్మాతలు అంత దూరం వచ్చేది సగం దీనికోసమే.

ఈ తరం మరో మార్పు తెచ్చింది, భాషలో. నియంత ఫ్రాంకో ప్రభుత్వం 1941లో విదేశీ సినిమాలన్నీ స్పానిష్‌లోకి డబ్ చేసి తీరాలని ఆదేశించింది. ఆ ఆదేశం పోయినా అలవాటు పోలేదు. స్పెయిన్ ప్రేక్షకుడు ఇప్పటికీ హాలీవుడ్ తారలను స్పానిష్ గొంతులతోనే ఎక్కువగా వింటాడు. అలాంటి చోట ‘సమ్మర్ 1993’ కెటలోనియా భాష కాతలాన్‌లో వచ్చింది. ‘20,000 స్పీషీస్’లో బాస్క్, స్పానిష్ కలగలిసి వినిపిస్తాయి. ‘సోర్దా’లో సంజ్ఞాభాష కథలో సగం. అండలూసియా ప్రేక్షకులు తమ దేశపు సినిమానే సబ్‌టైటిల్స్ చదువుకుంటూ చూడడం మాలగలో వింత కాదు.

అన్నీ బాగున్నాయనీ చెప్పలేం. బిజ్నాగ గెలిచిన ప్రతి సినిమా జనం దగ్గరకు చేరదు. ప్రచారానికి డబ్బులేక రెండు వారాల్లో థియేటర్లలోంచి వెళ్లిపోయేవీ ఉంటాయి. తారల హడావుడిలో చిన్న విభాగాల సినిమాలకు పత్రికల్లో చోటు తగ్గుతుందన్న విమర్శ కూడా సబబే.

వెళ్లాలనుకునే మనవాళ్లకు షెంగెన్ వీసా కావాలి. మాడ్రిడ్ నుంచి హైస్పీడ్ రైల్లో దాదాపు రెండున్నర గంటల ప్రయాణం. స్పానిష్ రానివాళ్లు ఏ ప్రదర్శనకు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉన్నాయో కార్యక్రమ పట్టికలో ముందే చూసుకుని టికెట్ కొనాలి. మార్చిలో కుదరకపోతే వేరే దారులున్నాయి. బార్సిలోనాలో 2011 నుంచి జరుగుతున్న డీఆ ఉత్సవం కొత్త దర్శకులకు పెద్దపీట వేస్తుంది. నవంబరులో గిహోన్ ఉత్సవం ఉంటుంది. 1963లో పిల్లల సినిమాల పోటీగా మొదలై స్వతంత్ర సినిమాకు పేరుపడ్డ ఉత్సవం అది. సెప్టెంబరులో శాన్ సెబాస్టియన్ ఉత్సవంలో తొలి, మలి సినిమాలకంటూ ‘న్యూ డైరెక్టర్స్’ విభాగం ఉంది.

మాలగలో తొలి సినిమాలతో గెలిచినవాళ్లు ఆ తర్వాత ఏం చేశారన్నదీ చూడాలి. పీచ్ తోటలు పోగొట్టుకుంటున్న రైతు కుటుంబం మీద, నటనానుభవం లేని పల్లెజనంతో కార్లా సిమోన్ తీసిన రెండో సినిమా ‘ఆల్‌కర్రాస్’ 2022లో బెర్లిన్ అత్యున్నత బహుమతి బంగారు ఎలుగుబంటి గెలిచింది. మూడో సినిమా ‘రొమేరియా’ 2025లో కాన్ చిత్రోత్సవం ప్రధాన పోటీకి వెళ్లింది. అదే ఏడాది సెప్టెంబరులో, సన్యాసినుల మఠంలో చేరతానంటున్న పదిహేడేళ్ల అమ్మాయి మీద అలౌదా తీసిన ‘లోస్ దొమింగోస్’కు శాన్ సెబాస్టియన్ అత్యున్నత బహుమతి బంగారు శంఖం దక్కింది.