నూజివీడులో కాలువ కట్టడానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ఎండాకాలం వస్తే నూజివీడు రసాలు లారీలెక్కి దేశమంతా వెళ్తాయి. ఇంత వ్యాపారం ఉన్న ఊరి మున్సిపాలిటీకి డబ్బు కొరత ఏంటి అనిపిస్తుంది. కానీ తోటలు ఎక్కువగా చుట్టుపక్కల పల్లెల్లో ఉన్నాయి. మార్కెట్ యార్డు సెస్సు మార్కెట్ కమిటీది. మున్సిపాలిటీకి సొంతంగా వచ్చేది ముఖ్యంగా ఇంటి పన్ను, ఖాళీ స్థలం పన్ను, నీటి చార్జీలు, లైసెన్సు ఫీజులు.

పెద్ద నగరమైతే అప్పు పుడుతుంది. విశాఖ కార్పొరేషన్ 2018లో బాండ్లు అమ్మి 80 కోట్లు తెచ్చుకుంది. 2011 జనాభా లెక్కల్లో 58 వేల పైచిలుకు ఉన్న నూజివీడు బాండ్లు ఎవరు కొంటారు? అందుకే చిన్న పట్టణాల కోసం ప్రభుత్వమే అప్పు చేయాలి. లక్షలోపు జనాభా ఉన్న పట్టణాల మంచినీటి పథకాలకు ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకు 2018లో రాష్ట్రానికి 40 కోట్ల డాలర్ల రుణం ఆమోదించింది.

ఇక కేంద్రం గ్రాంటు. 15వ ఆర్థిక సంఘం 2021-26కి ఇలాంటి పట్టణాల గ్రాంటులో 60 శాతాన్ని కట్టేసింది: సగం మంచినీటికి, సగం పారిశుద్ధ్యానికి. పైగా ఇంటి పన్ను వసూళ్లు కూడా పెరగాలని షరతు పెట్టింది. అంటే మనం పన్ను ఎగ్గొడితే పోయేది ఆ డబ్బొక్కటే కాదు, గ్రాంటుకూ ఎసరే.

2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో ఇంటి పన్ను అద్దె మీద కాదు, ఆస్తి విలువ మీద వేస్తున్నారు. నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం. పది లక్షల ఇల్లయితే ఏడాదికి వెయ్యి నుంచి ఐదు వేలు. ఒక్కసారిగా బాదకుండా ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదన్నారు. యజమానే ఉంటున్న 375 చదరపు అడుగుల్లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలే. చిన్న ఇళ్ల వాళ్లు రశీదులో ఇది చూసుకోవాలి. నమాజు చదివే చోటుకు పన్ను లేదు, కానీ మసీదు కమిటీ అద్దెకిచ్చిన షాపులకు ఆ మినహాయింపు వర్తించదు.

అద్దెకుండేవాళ్లు 'మాకేం సంబంధం' అనుకుంటారు. వాళ్ల పేరు మీద రశీదు ఉండదు గానీ, ఇంటి ఓనరు ఆ పన్ను కూడా చూసుకునే అద్దె చెప్తాడు. కాబట్టి ఆ 60 శాతంలో మన వీధికి ఏం వచ్చిందని వాళ్లూ అడగొచ్చు. ఖాతాలు ఆన్‌లైన్‌లో పెట్టాలన్నది ఆ గ్రాంటు షరతుల్లోనే ఉంది.